బొమ్మా, బొరుసూ, దొరికిన ఊరూ

పుస్తకం వెలువడితే సమీక్ష వస్తుంది. నాటకం ప్రదర్శిస్తే నాలుగు మాటలు రాసేవారుంటారు. చిత్రకళా ప్రదర్శనలకూ మన పత్రికల్లో విమర్శకులు లేకపోలేదు. నాణేల ప్రదర్శన విషయంలో మాత్రం ప్రారంభోత్సవ వార్తతోనే సరిపెట్టుకోవడం రివాజు. జ్యోతి ప్రజ్వలనం ఎవరు చేశారు, తపాలా శాఖ ఏ ప్రత్యేక కవరును విడుదల చేసింది, ఎన్ని రాష్ట్రాల వర్తకులు వచ్చారు అన్న వివరాలతో ఆ వార్త ముగుస్తుంది. బల్లల మీద పరిచిన నాణేలు చూపరికి ఏం చెబుతున్నాయి, చెప్పగలిగీ చెప్పకుండా ఏం మిగిలిపోతున్నాయి అన్న ప్రశ్నకు అందులో చోటుండదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇటువంటి ప్రదర్శనలు జరుగుతున్నప్పుడు, వాటిని కూడా ఒక సాంస్కృతిక రూపంగా భావించి గుణదోష విచారణ చేయడం అవసరం.

ఈ ప్రదర్శనలకు ఏటా తప్పక వచ్చే సేకర్తల్లో ఒక తరహా వారిని గమనించినట్లయితే విషయం సులభంగా బోధపడుతుంది. ఆయన ధనికులు కారు. చిన్న పట్టణంలో ఉపాధ్యాయులో, బ్యాంకు ఉద్యోగో అయి ఉంటారు. జేబులో భూతద్దం, సంచిలో అరచేతిలో ఇమిడే తూనిక, తనవద్ద లేని రకాల పట్టిక ఆయన సరంజామా. కల్యాణ మండపంలోనో సమావేశ మందిరంలోనో ఏర్పాటైన ఆ ప్రదర్శనలో మొదట ఎదురయ్యేది నోట్ల బల్లల దగ్గరి జనసమ్మర్దం. క్రమసంఖ్యలో 786 ఉన్న నోట్లు, పుట్టిన తేదీతో సరిపోయే నోట్లు, ముద్రణాదోషం ఉన్న నోట్లు అక్కడ చేతులు మారుతుంటాయి. ఆ తరువాత స్వతంత్ర భారత ప్రభుత్వపు స్మారక నాణేల పెట్టెలు. ప్రాచీన నాణేల బల్లలు సాధారణంగా ఒక మూలన ఉంటాయి. సేకర్త నేరుగా అక్కడికే వెళతారు.

ఆయన చేతికి ఒక సీసపు నాణెం వస్తుంది. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, రెండోవైపు ఉజ్జయినీ చిహ్నం, అంచున సగం చెరిగిన బ్రాహ్మీ అక్షరాలు. శాతవాహనులదని చెప్పడానికి ఆయనకు భూతద్దం కూడా అక్కరలేదు. తూకం చూస్తారు, అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆపైన అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు ప్రతి ప్రదర్శనలోనూ దాదాపు ఒక్కటే.

"ఇది ఎక్కడిదండీ?"

"పాత కలెక్షన్ సార్."

"అంతకు ముందు? ఏ ఊళ్ళో దొరికింది?"

"కరీంనగర్ సైడని చెప్పారు సార్."

బేరం కుదురుతుంది. ఇంటికి చేరాక ఆయన అట్టముక్క మీద రాజు, లోహం, తూకం, చిహ్నాలు, కొన్న తేదీ, ధర శ్రద్ధగా రాస్తారు. స్థలం అన్నచోట "కరీంనగర్ ప్రాంతం" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెడతారు. కొందరు ఆ గడినే వదిలేస్తారు. బొమ్మా దక్కింది, బొరుసూ దక్కింది. ఊరు మాత్రం పోయింది. నాణేల ప్రదర్శన మీద చేయదగిన ప్రధాన విమర్శ ఇదే. అరుదుదనానికి, మెరుపుకు, ధరకు అక్కడ కొలమానాలున్నాయి. లభ్యస్థానానికి మాత్రం ఏ విలువా లేదు.

ఊరిపేరు పోతే ఏం పోయినట్టో తెలియడానికి గోదావరీతీరాన ఉన్న కోటిలింగాలను మించిన ఉదాహరణ తెలుగు పాఠకుడికి అక్కరలేదు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉండి, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్న ఆ గ్రామపు పాటిదిబ్బ మీద దొరికిన నాణేలు 1970ల చివర పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల దృష్టికి వచ్చాయి. వాటిలో చిముక శాతవాహనుని పేరున్న నాణేలున్నాయి. పురాణాల్లో ఆంధ్ర రాజవంశానికి మూలపురుషుడుగా వినవచ్చే శ్రీముఖుడికి అంతవరకు ఉన్న ప్రబలమైన ప్రత్యక్షసాక్ష్యం పడమటి కనుమల్లోని నాణేఘాట్ శాసనం. శాతవాహనుల తొలి నివాసం మహారాష్ట్రమా, తెలుగుదేశమా అన్న చర్చలో ఆ శాసనం పడమటి పక్షానికి బలమిచ్చింది. చిముకుని నాణేలు గోదావరీతీరాన తేలడంతో రెండో పక్షానికి బలం చేకూరింది. చర్చ నేటికీ పూర్తిగా ముగియలేదన్నది వేరే సంగతి. నాణెం మీది అక్షరాలు ఎంత ముఖ్యమో, అవి కోటిలింగాలలో దొరికాయన్న సంగతి అంతే ముఖ్యం. అవే నాణేలు "పాత కలెక్షన్"గా ఏ మహానగరపు వేలంలోనో మొదట బయటపడి ఉంటే అందులో రాజు పేరుండేది గాని, వాదంలో వాటికి ఆ పట్టు ఉండేది కాదు.

కోటిలింగాల మనకు ఇచ్చింది చిముకుడిని ఒక్కడినే కాదు. గోభద, సమగోప, నారన, కంవాయ, సిరివాయ అన్న స్థానిక పాలకుల పేర్లు ఆ మట్టిలోని నాణేల వల్లనే చరిత్రకెక్కాయి. వారికి కావ్యాల్లేవు, పురాణాల్లో చోటు లేదు. నాణెం, అది దొరికిన నేల తప్ప వారికి మరో ఆధారం లేదు. వీటిలో రెండోది తీసేస్తే వారు ఏ ప్రాంతపు రాజులో కూడా చెప్పలేని పేర్లుగా మిగులుతారు.

రాజరాజనరేంద్రుని పేరు వినని తెలుగు సాహితీపరుడు ఉండడు. నన్నయచేత భారతాన్ని తెలిగించిన ఆ ప్రభువు నాణేలు కూడా వేయించాడని ఎరిగినవారు మాత్రం తక్కువ. పలుచని బంగారు రేకు, మధ్య చాళుక్యుల వరాహలాంఛనం, చుట్టూ విడివిడి ముద్రలతో కొట్టిన అక్షరాలు. ఆయన నాణేలు, ఆయనకు పూర్వుడైన శక్తివర్మ నాణేలు బర్మాలోని అరకాన్ తీరానికి చేరువనున్న చెదూబా ద్వీపంలో దొరికాయి. వేంగి వర్తకం బంగాళాఖాతం దాటి ఎంతదూరం వెళ్ళిందో చెప్పే ఆధారం ఆ బంగారంలో లేదు, అది దొరికిన ద్వీపంలో ఉంది. ప్రదర్శనలో చాళుక్యుల వరాహముద్ర కనిపిస్తే చుట్టూ గుంపు చేరుతుంది. సముద్రం సంగతి చెప్పే చీటీ మాత్రం అక్కడ కనబడదు.

విడి నాణేన్ని ఆరాధించే పద్ధతికి మరొక లోపమూ ఉంది. నాణేలు సాధారణంగా ఒంటరిగా భూమిలోకి పోవు. కుండల్లో, ముంతల్లో, జనవాక్యం చెప్పే లంకెబిందెల్లో గుంపుగా దాగి ఉంటాయి. ఆ గుంపు మొత్తం ఒక పత్రం వంటిది. 1906లో నాసిక్ సమీపాన జోగల్‌తెంభిలో నహపాణుని వెండి నాణేలు 13,000కు పైగా ఒకేచోట దొరికాయి. వాటిలో మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు చిహ్నం. అటువంటి ఒక్క నాణేన్ని గాజుపెట్టెలో పెడితే అది వింతవస్తువు. వేలాది నాణేలను కలిపి లెక్కించినప్పుడే శత్రుద్రవ్యాన్ని పోగుచేసి తన చెలామణిలోకి మార్చుకున్న పాలనాయంత్రాంగం కళ్ళకు కడుతుంది. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల నిధిని పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి రూపొందించిన గ్రంథాన్ని 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన మ్యూజియం గ్రంథమాలలో ప్రచురించింది. నిధి చెదరకుండా హైదరాబాదు మ్యూజియంలో ఉండటం వల్లనే ఆ పని సాధ్యమైంది. అది నలభై బల్లల మీదికి చేరి ఉంటే నలభైమంది సేకర్తలు సంతోషించేవారు, ఆ గ్రంథం మాత్రం ఉండేది కాదు.

ఇక నాణెం "స్థితి" సంగతి. వర్తకుడి పరిభాషలో ఇది కీలకమైన మాట. అరగని నాణేనికి ఒక ధర, అరిగినదానికి ఒక ధర, గాటు పడినదానికి మరీ తక్కువ ధర. వ్యాపారానికి ఇది సహజమే. కాని పోటీ విభాగపు న్యాయనిర్ణేతలు కూడా ఇదే కొలబద్ద పట్టుకోవడం సబబు కాదు. తెలుగునాట దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటిపై ఉలితో పెట్టిన గాట్లు కనిపిస్తాయి. నల్గొండ జిల్లాలోని అక్కనపల్లి నిధి ఇందుకు ప్రసిద్ధం. లోపల వెండేనా, పూతా అని పరీక్షించారా? పరాయి చక్రవర్తి ముఖాన్ని రద్దుచేసి దాన్ని కేవలం లోహంగా మార్చుకున్నారా? పండితులు ఇప్పటికీ తర్కిస్తున్నారు. ధరల పట్టికలో అది "దెబ్బతిన్న నాణెం". చరిత్రలో మాత్రం ఆ నాణెం ఈ నేలకు వచ్చాక దానిమీద పడిన మొదటి చేవ్రాలు ఆ గాటే. విద్ధాంక నాణేల వెనుక సరాఫులు కొట్టిన చిన్న చిన్న గుర్తులూ ఇంతే.

కొన్ని వరహాలకు పైన చిల్లి ఉంటుంది, లేదా ఉంగరం అతికించి ఊడదీసిన మచ్చ ఉంటుంది. సేకర్త నిట్టూర్చి పక్కన పెడతారు. ఆ మచ్చకు తెలుగులో చక్కని పేరుంది: కాసులపేరు. టంకశాల నుంచి బజారుకు, బజారు నుంచి కంసాలి కుంపటి దగ్గరికి, అక్కడినుంచి ఆడపడుచు మెడలోకి, కష్టకాలంలో తాకట్టు కొట్టుకు ఆ నాణెం చేసిన ప్రయాణం ఆ చిల్లిలో ఉంది. వెనీసు డ్యూకట్లను చూసి ఇక్కడ చేసుకున్న పుతళీల దండలూ ఇదే కథ చెబుతాయి. కాసులపేర్లకు, చిల్లిపడిన వరహాలకు ఒక చట్రం కేటాయించి, వాటిని లోపాలుగా కాక వినియోగ చరిత్రగా చూపిన ప్రదర్శన ఒక్కటి జరిగినా స్త్రీధనం గురించి పది వ్యాసాలు చెప్పలేనిది చెబుతుంది.

స్థితి మీది మోజు మరో హాని కూడా చేస్తోంది. మెరిసే నాణేనికే గిరాకీ ఉండటంతో చింతపండు, నిమ్మరసం మొదలు ఆమ్లాల దాకా ప్రయోగించి నాణేలను తోముతున్నారు. శతాబ్దాలుగా రాగిమీద గట్టిపడిన పొరతోపాటు అక్షరాలూ పోతాయి. శాతవాహనుల సీసపు నాణేల పరిస్థితి మరీ సున్నితం. చెక్కపెట్టెల్లో, అట్టపెట్టెల్లో వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ తొడుగులు రాగి నాణేలపై పచ్చని జిగురును మిగుల్చుతాయి. అదే బల్ల మీద నాణేల సరసన అమ్మే సరంజామాలో ఆ తొడుగులూ ఉంటాయి. కొన్నవారికి ఈ మాట చెప్పే పలక ఒక్కటైనా ప్రదర్శనలో పెట్టడం నిర్వాహకులకు భారం కాబోదు.

అసలు సిసలు నాణేల నడుమ చేరే నకిలీ సరకును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. రామపట్టాభిషేకం ముద్రించిన రామటంకాలు దేవాలయాల్లో, ఇళ్ళల్లో పూజకు ఉద్దేశించినవి. అవి త్రేతాయుగపు ద్రవ్యమని నమ్మించేవారున్నారు. దేవతామూర్తులతో, 1818 వంటి సంవత్సరాలతో ఈస్టిండియా కంపెనీ పేర చెలామణి అయ్యే "అర్ధణా"లను కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. పాత నాణేలకు, నోట్లకు లక్షలిస్తామనే మోసపు ప్రకటనలను నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు హెచ్చరించవలసి వచ్చిందంటే ఈ భ్రమ ఎంతగా పాకిందో ఊహించవచ్చు. ఈ విషయంలో సేకర్తలు పోలీసులకంటే మెరుగైన కాపలాదారులు. నకిలీని వారు చేతిలోకి తీసుకోగానే పసిగడతారు.

ఇక్కడ చట్టం ప్రస్తావన తప్పదు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి దొరికిన ద్రవ్యం విలువ పది రూపాయలకు మించితే దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తెలియజేతలో మూడు అంశాలుండాలని చట్టమే నిర్దేశించింది: ఏమి దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది. ప్రదర్శనశాల చీటీ మీద లేని ఆ రెండో అంశాన్ని వలసపాలన నాటి చట్టం అంత కచ్చితంగా అడగడం గమనార్హం. ప్రభుత్వం నిధిని స్వాధీనపరచుకోదలిస్తే దాని విలువకు అదనంగా అందులో అయిదోవంతు చెల్లించాలన్న నిబంధన కూడా అందులో ఉంది. తెలుగునాట నాణేలు పోగుచేసేవారినీ జనం కలెక్టరుగారనే పిలుస్తారు. చిక్కంతా నాణెం చేరవలసిన కలెక్టరు కంటే ముందు రెండో కలెక్టరును చేరుకోవడంలోనే ఉంది.

ఆ రెండో కలెక్టరును ముద్దాయిని చేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పొలం దున్నుతుండగా కుండ దొరికిన రైతు ముందున్న దారులు చూడాలి. ఠాణా, తహసీలు కార్యాలయం, పంచనామా, ఎప్పటికి వస్తుందో తెలియని పరిహారం ఒకవైపు. కంసాలి మూస మరోవైపు. మూసలో కరిగిన నాణేలకు లెక్కే లేదు. రాగి, సీసం అయితే తూకానికి పోతాయి. ఆ మూసకూ నాణేనికీ మధ్య నిలబడింది చాలా సందర్భాల్లో సేకర్తే. కోటిలింగాల వంటి చోట్ల మొదటి నాణేలను ఏరి, వాటిని అమ్ముకోకుండా పండితులకు చూపించింది స్థానికులైన ఔత్సాహికులే. పైగా మన మ్యూజియాల గాజుపెట్టెలు ప్రదర్శనశాలల కంటే మెరుగ్గా ఉన్నాయా అంటే అదీ లేదు. "శాతవాహన, సీసం, క్రీ.శ. 2వ శతాబ్ది" అన్న చీటీతో సరిపెట్టిన అరలు ఎన్నో. దొరికిన ఊరు లోపలి రిజిస్టరులో ఉంటుంది, చూపరికి చేరదు. దేశంలోనే పెద్ద నాణేల సంపదల్లో ఒకటి హైదరాబాదు మ్యూజియంలో ఉంది. దాన్ని చూడటానికి కావలసిన అనుమతి కంటే బల్ల దగ్గర నాణెం కొనుక్కోవడం సులువని సేకర్త భావిస్తే తప్పు ఆయనదొక్కరిదే కాదు.

పోటీ చట్రాలు ఎక్కువగా రాజవంశాల వరసలో, సంవత్సరాల వరసలో ఉంటాయి. గడులు నింపడమే అందులో ఆనందం. ఊళ్ళ వరసలో చట్రం కూర్చవచ్చునన్న ఆలోచన అరుదు. నిజాం రాజ్యపు సరిహద్దున ఉన్న ఏదైనా సంతనే తీసుకుంటే, అక్కడ చార్మినారు ముద్రించిన హాలీ సిక్కా ఒక చేత, బ్రిటిషు కల్దారు మరొక చేత పట్టుకుని, సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దార్ల లెక్కన రైతు మారకం చేసుకోవలసి వచ్చేది. ఉత్తర సర్కారుల కోసం 1794లోనూ 1797లోనూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆవిరియంత్రాలపై ముద్రించి ఓడల్లో దింపిన రాగి నాణేల మీద రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాసి ఉంది. "డబ్బు" ఒకప్పుడు ఒక రాగినాణెం పేరు. ఇప్పుడు ధనమంతటికీ అదే పేరు. 1807–08 నాటి మద్రాసు నాణేలపై తమిళంతోపాటు తెలుగు లిపి ఉంది. దమ్మిడీ, కాని, బేడ, పావలా 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక క్రమంగా సంచిలోంచి పోయినా నాలుక మీద నిలిచాయి. చిల్లిగవ్వ అంతకంటే పాతది. అది అసలు టంకశాలనే ఎరగదు. ఒక సంతలో ఒక శతాబ్దకాలం తిరిగిన ద్రవ్యమంతా ఒక చట్రంలో పెడితే, అందులో ఒక్కటైనా అరుదైన నాణెం లేకపోవచ్చు. బహుమతీ రాకపోవచ్చు. ఆ గదిలో చూడదగిన చట్రం మాత్రం అదే అవుతుంది.

ఈ పరిస్థితిని సవరించడానికి బయటి అనుభవం ఒకటుంది. ఇంగ్లండు, వేల్సు దేశాల్లో 1997లో మొదలైన స్వచ్ఛంద నమోదు పథకం కింద సామాన్యులకు దొరికిన వస్తువులను స్థానిక అధికారులు చూసి, దొరికిన చోటుతో సహా నమోదుచేసి తిరిగి ఇచ్చేస్తారు. అలా నమోదైనవి పది లక్షలకు పైబడ్డాయి. దాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం తగదు. లోహశోధక యంత్రాలతో పొలాలు వెదకడం అక్కడ వినోదం. ఇక్కడ దానికి తలుపు తెరిస్తే మిగిలిన పాటిదిబ్బలూ గుల్లవుతాయి. ఊరిపేరు అడగడం మొదలుపెడితే వర్తకులు ఊళ్ళను కల్పించి చెబుతారన్న అభ్యంతరమూ ఉంది. అది కొట్టివేయదగింది కాదు. కల్పించిన ఊరు, రాయని ఊరికంటే ప్రమాదం. కనుక అడగవలసింది బల్ల దగ్గర కాదు, మొదటి చేతి దగ్గర. పురావస్తు శాఖ ఉద్యోగి ఒకరు మూడు రోజులూ ప్రదర్శనశాలలో ఒక మేజా వేసుకుని కూర్చుని, సేకర్తల అట్టముక్కల్లోంచి తాతలనాటి నుంచి ఇంట్లో ఉన్నవి, ఫలానా ఊరి చెరువుగట్టున దొరికినవి ఏరి, తూకం, ఛాయాచిత్రం, ఊరు రాసుకుని నాణెం తిరిగి వారి చేతిలో పెట్టగలిగితే చాలు. ఇందుకు నిధికంటే ముందు కావలసింది, ఆ మేజా దగ్గరికి వచ్చినవారిపై కేసు పెట్టబోమన్న హామీ. ఏ తేదీకి ముందు దొరికినవాటికి అది వర్తిస్తుందో ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు ఉత్తర్వుల్లో స్పష్టంగా చెప్పాలి.

పోటీ నిర్వాహకులు చేయదగినది ఇంకా చిన్నపని. మార్కుల పత్రంలో అరుదుదనానికి, స్థితికి, అమరికకు, వివరణకు గడులున్నాయి. లభ్యస్థానానికి మరో గడి చేర్చవచ్చు.